గేమింగ్‌కి ఇంటెలా, ఏఎండీనా? పాత ర్యామ్ ఉంచుకునే ప్రాసెసర్ మార్చాలి (అనంతపురం)

రామ్‌నగర్ రైడర్

అన్నలారా, ప్రాసెసర్ మార్చాలనుకుంటున్నా, ఇంటెల్‌కి పోవాలా ఏఎండీకి పోవాలా తేలక తల పగిలిపోతోంది. ఇప్పుడున్నది ఇంటెల్ ఐ3-10100, దానికి 3200 స్పీడువి 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), మానిటర్ మామూలు 60 హెర్ట్జ్‌ది. ఆడేది ఎక్కువగా వాలరెంట్, సీఎస్2 అనే షూటర్ గేములు, సెలవుల్లో జీటీఏ 5. వాలరెంట్ మామూలుగా బాగానే పోతుంది కానీ స్మోకులు (పొగ బాంబులు) పడి అందరూ సైటు మీదికి వచ్చేసరికి గేమ్ గుంజుతుంది, సరిగ్గా అప్పుడే నేను చస్తా.

ఇంట్లో ఒప్పుకున్నది నలభై వేలు, అందులోనే కొత్త మానిటర్ కూడా రావాలి. ఇక్కడ సుభాష్ రోడ్డు వైపు ఒక షాపులో అడిగితే ఏఎండీ వద్దే వద్దు, వేడెక్కిపోతుంది, మన అనంతపురం ఎండలకి ఆగదు అన్నాడు. యూట్యూబ్ తెరిస్తేనేమో ఇంటెల్ పనైపోయింది, కొన్నోడు తెలివితక్కువోడు అన్నట్టు చెబుతారు. నా సిస్టమ్ ఉండేది మేడ మీద రేకుల గదిలో, ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట అందులో మనిషే ఉండలేడు, కాబట్టి వేడి సంగతి నిజంగానే టెన్షన్ పెడుతోంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెప్పించుకునే వీలుంది, మామయ్య అప్పుడప్పుడూ పోతుంటాడు. ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5-12400ఎఫ్, ఏఎండీదే రైజెన్ 5 7600, ఈ మూడింటి మధ్య ఆగిపోయాను. ఏది కొనాలో చెప్పండి, తిట్టకండి.

బురుజు నీడ

కర్నూలు నుంచి తమ్ముడూ. ముందు ఆ షాపాయన మాట పక్కన పెట్టు. ఏఎండీ వేడి అనేది ఎప్పటిదో పాత మాట, అప్పట్లో నిజమే కూడా. 2012లో వచ్చిన ఎఫ్ఎక్స్-8350 అనేది 125 వాట్ల చిప్పు, ఆ తర్వాత ఎఫ్ఎక్స్-9590 అని ఇంకోటి ఏకంగా 220 వాట్లది తెచ్చారు, అంత కరెంటు తాగి కూడా గేముల్లో ఇంటెల్ వెనకే ఉండేవి. ఆ రోజుల్లో షాపు నడిపినవాళ్ల మనసులో అదే నాటుకుపోయింది. 2017లో రైజెన్ వచ్చాక లెక్క మారింది, ఇప్పుడైతే పూర్తిగా తిరగబడింది. ఐ9-14900కె ఫుల్ లోడు మీద 253 వాట్ల దాకా లాగేలా ఇంటెలే పరిమితి పెట్టింది, దాన్ని గేముల్లో దాటిపోయే రైజెన్ 7 7800ఎక్స్3డీకి రేటింగే 120 వాట్లు, గేములాడేటప్పుడు అంత కూడా తీసుకోదు.

గేముల్లో ఏఎండీ ఎందుకు ముందుందో కూడా చెప్తా, ఎందుకంటే చానామంది కోర్లు, గిగాహెర్ట్జ్‌లు లెక్కబెట్టుకుంటూ కూర్చుంటారు. గేమ్ నడిచేటప్పుడు ప్రాసెసర్‌కి చిన్న చిన్న డేటా ముక్కలు లక్షల్లో కావాలి, ఎవడు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోతోంది, ఇలాంటివి. అవి చిప్పులోనే ఉన్న క్యాష్‌లో దొరికితే సరే, లేకపోతే ర్యామ్ దాకా పోవాలి, ఆ పోయి రావడానికి ఎన్నో రెట్లు ఎక్కువ టైమ్ పడుతుంది. పోపు వేసేటప్పుడు ఆవాలు పోపుల డబ్బాలో ఉండటానికీ వీధి చివర కొట్టుకు పోయి తెచ్చుకోవడానికీ ఉన్నంత తేడా. ఎక్స్3డీ అంటే ఆ డబ్బాని పెద్దది చేయడమే: మామూలుగా 32 ఎంబీ ఉండే ఎల్3 క్యాష్ మీద ఇంకో 64 ఎంబీ పొర పేర్చి మొత్తం 96 చేశారు. 2022లో 5800ఎక్స్3డీతో మొదలుపెట్టారు, 2023లో 7800ఎక్స్3డీ, 2024 నవంబరులో 9800ఎక్స్3డీ. ఈ చివరిదానిలో ఆ క్యాష్ పొరని కోర్ల కిందికి మార్చారు, దాంతో కోర్ల వేడి నేరుగా పైన కూలర్‌కి చేరుతుంది, స్పీడు కూడా పెంచుకోగలిగారు. ఇంటెల్ అదే ఏడాది అక్టోబరులో కోర్ అల్ట్రా 200 సిరీస్ తెచ్చింది, కరెంటు తక్కువ తాగుతుంది, ఆ మెచ్చుకోలు ఇవ్వాల్సిందే, కానీ చాలా గేముల్లో తన సొంత 14900కె కంటే వెనకబడింది.

కాబట్టి గేమింగ్ ఒక్కటే చూస్తే ఏఎండీనే. నీ మూడింట్లో 7600 తీసుకో, ఏఎం5 బోర్డు వస్తుంది (ఏఎం5 అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు), ఆ సాకెట్‌ని 2027 దాకా, ఆ పైన కూడా నడుపుతామని ఏఎండీ చెప్పింది, ఉద్యోగం వచ్చాక అదే బోర్డులో 9800ఎక్స్3డీ గుచ్చుకుంటావు.

ఏడురోడ్ల సెంటర్

బురుజు అన్న చెప్పినవన్నీ కరెక్టే, కానీ అవి లక్షన్నర పెట్టి కొనేవాడికి పనికొచ్చే మాటలు. పిల్లోడి చేతిలో ఉన్నవి నలభై వేలు, అందులో మానిటర్ కూడా. నేను కడపలో సిస్టమ్స్ అసెంబుల్ చేస్తుంటా, రోజూ ఇదే పంచాయితీ.

సామీ, నువ్వు చూసే ఆ యూట్యూబ్ పోలికల్లో ఒక కిటుకు ఉంది. ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలని వాళ్లు కావాలనే ఆర్‌టీఎక్స్ 4090 లాంటి పెద్ద కార్డు పెట్టి 1080పీలో పరీక్షిస్తారు. అది తప్పు కాదు, ప్రాసెసర్‌ని కొలవాలంటే అలాగే కొలవాలి. కానీ అక్కడ కనిపించిన ఇరవై, ముప్పై శాతం తేడా నీ 1650 దగ్గరికొచ్చేసరికి చాలా గేముల్లో ఆవిరైపోతుంది, ఎందుకంటే అక్కడ కార్డే ముందు చేతులెత్తేస్తుంది. మధ్యతరగతి కార్డుతో 5600కీ 12400ఎఫ్‌కీ మధ్య తేడా ఒక గేములో ఇటు, ఒక గేములో అటు, కొద్ది శాతమే. పేరు దాచి ఆడిస్తే ఏది ఏదో చెప్పగలిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

7600 సంగతి. అది మంచి చిప్పు, బాక్సులో కూలర్ కూడా ఇస్తారు. కానీ ఏఎం5కి డీడీఆర్5 ర్యామ్ తప్ప ఇంకోటి పడదు, నీ 16 జీబీ డీడీఆర్4 మూలన పడేయాల్సిందే. ఏఐ సర్వర్ల కోసం మెమరీ కంపెనీలు అటు మళ్లడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోయాయి. చేతిలో పనిచేసే ర్యామ్ పెట్టుకుని కొత్తది కొనమని నేనైతే చెప్పను. ఇక మిగిలింది 5600, 12400. 5600 కూర్చునే పాత ఏఎం4 సాకెట్‌లో తర్వాత ఎక్స్3డీకి మారొచ్చు కదా అంటారు, ఆ చిప్పులు ఇప్పుడు కొత్తవి దొరకడమే గగనం, ఆ ఆశతో కొనకు. 5600 తీసుకుంటే మాత్రం ఏ520 బోర్డు వద్దు, బీ550 తీసుకో. ఏ520లో పీసీఐ 3 (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి, పాత తరంది) మాత్రమే ఉంటుంది, రేపు నువ్వు కొనే ఆర్‌టీఎక్స్ 4060, 5060 లాంటి కార్డులు ఆ దారిలో ఎనిమిది లేన్లతోనే వస్తాయి, కార్డు మెమరీ నిండినప్పుడు ఆ ఇరుకు తెలిసొస్తుంది. 12400కి అయితే హెచ్610 డీడీఆర్4 బోర్డు చాలు, అందులో కార్డు స్లాటు పీసీఐ 4.

వేడి గురించి: గదిలో ఎండ పది డిగ్రీలు పెరిగితే లోపల ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది, దానికి కంపెనీ తేడా లేదు. 12400 వంద డిగ్రీల దాకా, 7600 తొంభై ఐదు దాకా తట్టుకునేలా చేశారు, అక్కడికి చేరితే కాలిపోదు, స్పీడు తగ్గించుకుంటుంది. రెండూ 65 వాట్ల తరగతివే, రేకుల గదిలో కూడా బతుకుతాయి. మన సీమలో సిస్టమ్‌ని చంపేది దుమ్ము. నా దగ్గరికి వేడెక్కుతోందని వచ్చే వాటిలో ఎక్కువ శాతం హీట్‌సింక్ రెక్కల మధ్య దూదిలా పేరుకున్నదాన్ని బ్లోయర్‌తో కొట్టి, పేస్టు మార్చితే మామూలైపోతాయి.

ఇవన్నీ కొనేముందు ఖర్చు లేని పని ఒకటి చెయ్యి. గేమ్ ఆడేటప్పుడు ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్క్రీన్ మూలన కార్డు వాడకం, ప్రాసెసర్ వాడకం, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) చూపించేలా పెట్టుకో. కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే నీకు కావాల్సింది కార్డు. కార్డు యాభై, అరవై దగ్గర తిరుగుతూ ఫ్రేములు పడిపోతుంటే అప్పుడు ప్రాసెసర్. చూసి చెప్పు.

లంకె బిందె

ఏది కొన్నా వాలరెంట్‌లో అట్టడుగు ఐరన్ ర్యాంకు ఐరన్ ర్యాంకే తమ్ముడూ 😂 నాకు 7800ఎక్స్3డీ ఉంది, నేనూ అక్కడే ఉన్నా.

రామ్‌నగర్ రైడర్

లంకె బిందె అన్నా 🙏

ఏడురోడ్ల అన్నా, పెట్టి చూశా. వాలరెంట్‌లో కార్డు అరవై దాటడం లేదు, ప్రాసెసర్ మాత్రం వందకి కొట్టుకుంటోంది, వెనకాల డిస్కార్డ్, క్రోమ్ ఉన్నాయిలే. జీటీఏలో తారుమారు, కార్డు 98 దగ్గరే ఉంటోంది. ఇంకో సంగతి, వాలరెంట్‌లో ఫ్రేములు 150 పైనే చూపిస్తోంది, నా మానిటర్ 60దే కదా, మరి గుంజడం ఎందుకు కనబడాలి?

ఇంకోటి మొదట్లో చెప్పలేదు, అవసరమని అనుకోలేదు. మామయ్యకి ధర్మవరంలో స్టూడియో ఉంది, పెళ్లిళ్ల సీజన్‌లో ఎడిటింగ్ నాకే ఇస్తాడు, ఈ నలభై వేలలో సగం ఆ డబ్బే. అడోబీ ప్రీమియర్‌లో చేస్తా. దానికి ఏది మంచిది? యూట్యూబ్‌లో ఎడిటింగ్‌కి కూడా కోర్లు ఎక్కువున్నది తీసుకోమంటున్నారు.

ఏడురోడ్ల సెంటర్

150 అనేది సగటు. సెకనుకి 150 అంటే ఒక్కో ఫ్రేముకి ఏడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. కానీ స్మోకులు, ఇతర బాంబులు అన్నీ ఒక్కసారిగా పడిన ఆ క్షణంలో ఒక ఫ్రేము నలభై మిల్లీసెకన్లు తీసుకుందనుకో, నీ 60 హెర్ట్జ్ మానిటర్‌కి పదహారున్నర మిల్లీసెకన్లకొకటి కావాలి, రెండు మూడు సార్లు పాత బొమ్మే మళ్లీ చూపిస్తుంది, నీకు గుంజినట్టు ఉంటుంది. సగటులో అది కలిసిపోయి కనబడదు. అందుకే రివ్యూల్లో సగటు పక్కన '1% low' అని ఇంకో అంకె ఇస్తారు, అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క అది, షూటర్ గేములకి నువ్వు చూడాల్సింది అదే. నాలుగు కోర్ల ఐ3 నుంచి ఆరు కోర్లకి పోతే, క్యాష్ కూడా 6 ఎంబీ నుంచి 18కో 32కో పెరుగుతుంది, మొదట బాగుపడేది ఆ అంకే.

ఎడిటింగ్ సంగతి నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.

రీలు డబ్బా

నేను తాడిపత్రిలో పెళ్లి వీడియోలే చేస్తా కాబట్టి అడుగుతున్నా, మీ మామయ్య కెమెరా ఏది? అది తెలియకుండా ప్రాసెసర్ చెప్పడం దండగ.

రామ్‌నగర్ రైడర్

సోనీ ఏ7 మార్క్ 4 అన్నా. ఫైళ్లు హెచ్.265 (వీడియోని కుదించే పద్ధతి), 10 బిట్, 4:2:2 (రంగు వివరాలు ఎక్కువుండే రకం) అని ఉంటాయి. టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కితే టీ తాగి రావచ్చు. ఇప్పుడు ప్రాక్సీలు (అదే వీడియోకి తేలికపాటి కాపీలు) చేసుకుని లాగిస్తున్నా, ముహూర్తాలు ఎక్కువున్న నెలల్లో ఆ ప్రాక్సీలకే రాత్రంతా పడుతోంది.

రీలు డబ్బా

అయితే నీ ప్రశ్నకి జవాబు మారిపోయింది చూడు. హెచ్.265లో 4:2:2 10 బిట్ అనే ఆ రకాన్ని హార్డ్‌వేర్‌లో విప్పగలిగేవి (డీకోడ్ చేయగలిగేవి) తక్కువ. ఎన్విడియాలో 50 సిరీస్ రాకముందు ఏ ఆర్‌టీఎక్స్ కార్డూ దాన్ని విప్పదు, నీ 1650 సరేసరి. ఇంటెల్ ప్రాసెసర్ లోపల ఉండే చిన్న గ్రాఫిక్స్ మాత్రం 11వ తరం నుంచే ఈ పని చేసేస్తుంది, క్విక్ సింక్ అంటారు. నీది 10వ తరం కాబట్టి ఒక్క తరంలో తప్పిపోయింది పాపం. అందుకే ఆ టీలు.

కోర్లు ఎక్కువుంటే మంచిదే, కానీ ఈ ఫైళ్లకి పదహారు కోర్లు పెట్టి బలవంతంగా విప్పించడం కంటే ఆ పనికని చేసిన చిన్న బ్లాకు ఉండటం మేలు. అంటే నువ్వు తీసుకోవాల్సింది 12400, చివర ఎఫ్ లేనిది. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ పనిచేయదు, క్విక్ సింక్ పోతుంది. ఆ ఒక్క అక్షరం చూసుకో, షాపులో ఎఫ్ దే చేతిలో పెట్టి రెండూ ఒకటే అనేవాళ్లు ఉంటారు. రెండింటి మధ్య తేడా పెద్ద మొత్తమేమీ కాదు. 5600లో అసలు గ్రాఫిక్సే లేదు. రేపు ఎప్పుడైనా నీ కార్డు పోయినా స్క్రీన్ వస్తుంది, అదొక లాభం.

బురుజు నీడ

సరే రీలు అన్నా, నేను ఏఎండీ మనిషినే అయినా 4:2:2 విషయంలో వాదించలేను, అది నిజం. కానీ ఇంకో దారి ఉంది: ఇంటెల్ లేకుండానే ఆర్‌టీఎక్స్ 5060 తీసుకుంటే అదే 4:2:2 విప్పుతుంది, ప్రీమియర్ కొత్త వెర్షన్ ఉంటే చాలు. అప్పుడు 5600తో పోవచ్చు. ఇంకా ఇంటెల్ 13, 14వ తరాల్లో చిప్పులే పాడైపోయిన గొడవ మరిచిపోయారా? వోల్టేజీ ఎక్కువ అడిగి అడిగి సర్క్యూటు పాతబడిపోయి, గేములు క్రాష్ అయ్యేవి. 2024లో కంపెనీ తానే ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్పుని నడిపే లోపలి కోడు) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. అలాంటి కంపెనీ చిప్పు మన వోల్టేజీల్లో పెట్టి ఆడమంటారా?

ఏడురోడ్ల సెంటర్

బురుజు అన్నా, ఆ గొడవ 13, 14వ తరాలది, 12వ తరానికి లేదు. 12400లో ఉన్నవి ఆరు పెద్ద కోర్లే, ఈ-కోర్ల (కరెంటు ఆదా చేసే చిన్న కోర్ల) తలనొప్పి కూడా లేదు. పైగా నువ్వు చెప్పే వోల్టేజీ చిప్పు లోపలిది, గోడలో వచ్చే కరెంటుతో దానికి సంబంధం లేదు, ఆ రెండూ కలిపేస్తే పిల్లోడు భయపడతాడు. మరి 2023లో ఏఎం5 బోర్డుల్లో ఎక్స్3డీ చిప్పులు సాకెట్‌లోనే కాలిన ఫోటోలు రాలేదా? అప్పుడు ఏఎండీ కూడా ఎస్ఓసీ వోల్టేజీని (చిప్పులో మెమరీ కంట్రోలర్ లాంటివుండే భాగానిది) 1.3 వోల్టుల దగ్గర ఆపేసి కొత్త బయాస్‌లు (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఇప్పించింది. రెండిళ్లలోనూ ఉంది గొడవ. ఏది కొన్నా బయాస్ కొత్తది ఎక్కించుకోవడం మన పని.

5060 సంగతి బాగుంది కానీ దానికి ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అడుగుతుంది, కార్డు, ఎస్‌ఎంపీఎస్, 5600, బోర్డు, మానిటర్, నలభై వేలలో ఎక్కడ సర్దుతావు? జీటీఏ కోసమైతే కార్డు వచ్చే ఏడాది చూసుకోవచ్చు, అది సెలవుల గేమే కదా.

నా లెక్క ఇది. ఎఫ్ లేని 12400, హెచ్610 డీడీఆర్4 బోర్డు, ఒక 144 హెర్ట్జో 165 హెర్ట్జో ఐపీఎస్ మానిటర్. ర్యామ్, క్యాబినెట్, కార్డు అన్నీ పాతవే. నీ పాత బోర్డులో ఐ3-10100 ఉన్నందుకు ర్యామ్ 2666 దగ్గరే నడిచి ఉంటుంది, కొత్త బోర్డులో బయాస్‌కి పోయి 3200 పెట్టుకో. మానిటర్ పెట్టాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 ఎంచుకోవాలి, చానామంది అది మరిచిపోయి నెలల తరబడి 60లోనే ఆడుతుంటారు. మిగిలిన డబ్బుతో యూపీఎస్ చూసుకో, 600 వీఏది అంటే చాలావాటిలో 360 వాట్లే, ఇప్పటి నీ సిస్టమ్‌కి చాలు, పెద్ద కార్డు వేశాక చాలదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. ఎస్పీ రోడ్డులో అయినా, ఇన్‌స్టాలో అయినా, ఐ7 గేమింగ్ పీసీ పదిహేను వేలకే అని బోర్డు పెడతారు, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఆరు తిరుగుతుంటాయి. మూత తీస్తే లోపల ఐ7-3770 ఉంటుంది, 2012 నాటిది, నీ ఐ3 దానికంటే మెరుగు. మామయ్యకి ఆ ముక్క చెప్పి పంపు. ప్రాసెసర్ సీలు బాక్సుదే తీసుకోమను, బిల్లులో సీరియల్ నంబరు రాయించుకోమను. ట్రే ప్రాసెసర్ అని విడిగా చవగ్గా ఇస్తారు, దానికి కంపెనీ వారంటీ మనకు నేరుగా రాదు, కూలర్ కూడా ఉండదు.

రామ్‌నగర్ రైడర్

అన్నా థ్యాంక్స్, 12400 ఫిక్స్ అయిపోయా. బురుజు అన్నా ఏమీ అనుకోవద్దు, కార్డు కొనేటప్పుడు మళ్లీ నిన్నే అడుగుతా. మామయ్య వచ్చే వారం పోతున్నాడు. బోర్డు మార్చాక విండోస్ మళ్లీ ఎక్కించాలా? విండోస్ 11 వాడుతున్నా.

బురుజు నీడ

ఏమీ అనుకోను లేరా, గేమ్ ఆడితే చాలు. కానీ ఏఎం5కి రాకుండా ఎక్కడికి పోతావులే.

ఏడురోడ్ల సెంటర్

ఎక్కించకపోయినా చాలాసార్లు బూట్ అవుతుంది, కానీ బోర్డు మారింది కాబట్టి కొత్తగా వేసుకోవడమే శుభ్రం. ముందు మామయ్య ప్రాజెక్టు ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకో. బయాస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్ చెయ్యి. ఇంటెల్ బోర్డుల్లో టీపీఎం పేరు పీటీటీ అని ఉంటుంది. అవి ఆఫ్‌లో ఉంటే విండోస్ 11 మీద వాలరెంట్ వ్యాన్ 9001 అని ఎర్రర్ ఇచ్చి లోపలికే రానివ్వదు, అప్పుడు ప్రాసెసర్ పాడైందని ఇక్కడ ఇంకో థ్రెడ్ వేస్తావు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌లో ఇంటెల్‌కి టిక్ పెట్టుకో. కార్డు ఉందని కొన్ని బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి, ఆ టిక్ కనబడకపోతే బయాస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అని ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేస్తే వస్తుంది.